మెత్తటి చెయ్యి

రాతిబల్ల మీద నీళ్ళు కుమ్మరించి కొబ్బరి పీచుతో రుద్దుతున్న దూలయ్యకు, ఒకే మూలను మూడోసారి రుద్దుతున్న సంగతి కాసేపటికి గాని తెలియలేదు. బల్ల మీద మురికేమీ లేదు. శివరాత్రి దాటాక ఆ గదికి ఎవరూ రాలేదు. అయినా పొద్దున్నే వచ్చి తాళం తీస్తాడు, కిటికీ తెరుస్తాడు, బల్ల కడుగుతాడు, బక్కెట్లు బోర్లిస్తాడు, మళ్ళీ తిరగేస్తాడు. చేతులకు మనం పని చెప్పకపోతే అవే వెతుక్కుంటాయి. దూలయ్య చేతులకు బాగా తెలిసిన పని సీసా మూత తిప్పడం.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరది. అక్కడి సర్కారు దవాఖానా వెనక, ప్రహరీకి ఆనుకుని ఉన్న ఒంటి గదిలో దూలయ్య ఉద్యోగం. పోలీసులు శవాన్ని తెస్తారు, డాక్టరు వచ్చి నిలబడతాడు, కోసేదీ కుట్టేదీ దూలయ్య. పొడుగాటి మనిషి. వంగి పనిచేసి పనిచేసి మెడ కాస్త ముందుకు సాగింది. చెంపలు లోపలికి పోయాయి, కళ్ళలో పసుపు ఇంకా పోలేదు. వేళ్ళు మాత్రం సన్నగా, శుభ్రంగా, గోళ్ళు కురచగా ఉంటాయి. ఆ వేళ్ళు చూసి తెలియనివాళ్ళు ఈయన టైలరేమో అనుకుంటారు.

ఇప్పపువ్వు రాలే రోజులు. అడవి వైపు నుంచి గాలి తిరిగితే చాలు, తియ్యగా, కాస్త పులిసిన వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఊరందరికీ అది పూల వాసన. దూలయ్యకు మాత్రం పిలుపు. లేచి కిటికీ మూశాడు. గదిలో ఫినాయిలు ఘాటు నిలిచింది. మళ్ళీ తెరిచాడు. గడప దాకా వెళ్ళి, చేసే పనేమీ లేక వెనక్కి వచ్చాడు. కాలు కాలిన పిల్లి కూడా ఎక్కడో ఒకచోట కూర్చుంటుందేమో గాని అతనికి ఆ పొద్దున కూర్చునే చోటు దొరకలేదు.

తాగుడు అతనికి సరదాగా రాలేదు, ఉద్యోగంతో పాటు వచ్చింది. అంతకుముందు ఆ గదిలో ముత్తయ్య అనే పెద్దమనిషి ఉండేవాడు. కొత్తగా చేరిన దూలయ్యను గోడవారన కూర్చోబెట్టి, మొదటి గ్లాసు ముక్కుకు, రెండోది కళ్ళకు, మూడోది చేతికి అని నేర్పాడు. పోయినవాడి పేరు ఎప్పుడూ అడగొద్దని కూడా చెప్పాడు. మూడు గ్లాసులు పడ్డాక బల్ల మీద ఉన్నది మనిషి కాదు, తొందరగా అయిపోవలసిన పని. ఇన్నేళ్ళలో ఎందరిని కోశాడో గాని దూలయ్యకు ఒక్క ముఖమూ గుర్తులేదు. గుర్తులేనందుకే ఇన్నాళ్ళు ఆ పని చేయగలిగాడు.

పైగా ఆ సీసా అతను కొనుక్కోవలసిన అవసరమే ఉండదు. శవం తాలూకు జనం మనిషికో తీరున ఏడుస్తారు గాని దూలయ్య దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే పద్ధతి. ఎవరో ఒక మగమనిషి తువ్వాలులో సీసా చుట్టి తెచ్చి, చుట్టూ చూసి, చేతిలో పెడతాడు. మావోడికి నొప్పి కాకుండా చెయ్యి మెత్తగా ఉంచన్నా అంటాడు. కమ్మవారి పెద్దింటివాళ్ళైనా, తండా వాళ్ళైనా, కోయగూడెం వాళ్ళైనా అదే మాట. పోయినవాడికి నొప్పేమిటని నవ్వేవాళ్ళుంటారు. తమ ఇంటి మనిషి లోపల బల్ల మీద ఉన్నప్పుడు అలా నవ్వినవాడిని దూలయ్య ఇంతవరకు చూడలేదు.

భార్య సరళ ఏడాది కింద కుసుమంచిలో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. తిట్టలేదు, కొట్లాడలేదు. బస్సెక్కి వెళ్ళిపోయింది. దూలయ్య తాగుడు మానడానికి చెవులకు సూదులు గుచ్చుకుంటున్నాడని ఎవరో చెబితే సంక్రాంతికి ముందు తిరిగి వచ్చింది. వచ్చిందే గాని తెచ్చిన సంచి మంచం కింద అలాగే ఉంది, విప్పలేదు. రోజూ సాయంత్రం అతను గుమ్మం దాటేటప్పుడు ఏదో అందుకుంటున్నట్టు దగ్గరికి వచ్చి, అతని ఊపిరి వాసన చూసి, లోపలికి పోతుంది. శివరాత్రి మర్నాడు ఒక శవం వచ్చింది. సీసా వచ్చింది. దూలయ్య తాగాడు. ఆ సాయంత్రం సరళ వాసన చూసి, వంటింటి గడప మీద చాలాసేపు కూర్చుని, ఒకే మాట అంది.

"ఇంకోపాలి గిట్లొస్తే నేను కుసుమంచి బస్సెక్కుత. మళ్ళ పిలువకు."

ఉత్త రోజుల్లో దూలయ్య తాగకుండా ఉండగలుగుతున్నాడు. శవం వచ్చిన రోజే చేతకావడం లేదు. అందుకే ఇప్పుడతను ఊళ్ళో ఎవరికీ ఏమీ కాకూడదని రోజూ పొద్దున్నే మొక్కుకుంటున్నాడు. కోసేవాడు అలా మొక్కుకోవడం ఊరికి లాభమే.

ఆ రోజు మంగళవారం, సూదుల రోజు. గదికి తాళం వేసి బజారుకు నడిచాడు. మహబూబ్ అలీ పరుపుల దుకాణం పైన, దూది బేళ్ళు పెట్టుకునే గదిని ఖాళీ చేయించి ఆయన కూతురు జెబా సూదుల వైద్యం నడుపుతోంది. హైదరాబాదులో చదివి వచ్చింది. మొదట్లో మోకాళ్ళ నొప్పులవాళ్ళు, నడుము నొప్పులవాళ్ళు వచ్చేవారు. తర్వాత తాగుడు మానాలనుకునేవాళ్ళకు విడిగా వారానికి రెండు పూటలు పెట్టింది. గోడ పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు, కింద నుంచి దూది ఏకే చప్పుడు. ఒక్కో చెవికి అయిదు సూదులు, వెంట్రుకంత సన్నవి. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది, తర్వాత చెవి వెచ్చబడుతుంది. అరగంటో ముప్పావుగంటో కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. దూలయ్యకు సూదులకన్నా ఆ కూర్చోవడమే కష్టం.

జెబా గొప్పలు చెప్పదు. మొదటి రోజే ఇది మంత్రం కాదని చెప్పేసింది. కొందరికి పనికొస్తుంది, కొందరికి రాదు, ఎందుకో పెద్ద డాక్టర్లకే ఇంకా తేలలేదు, సర్కారు డాక్టరిచ్చిన గోళీలు మాత్రం ఆపొద్దు అంది. అంత నిజం చెప్పిన వైద్యులు దూలయ్యకు అదివరకు తగల్లేదు. అందుకే నమ్మాడు. సూదులు తీశాక ఆవగింజంత గింజను చిన్న పట్టీతో చెవి మడతలో అంటిస్తుంది. తాగాలనిపించినప్పుడు మంట పుట్టేదాకా దాన్ని ఒత్తుకోవాలి. మంట తగ్గేలోపు ఆ కోరిక కూడా కాస్త పక్కకు జరుగుతుందని ఆమె లెక్క. ఒక్కోసారి జరుగుతుంది. ఒక్కోసారి గింజ కింద చర్మం కందిపోయినా జరగదు.

ఆ పూట అతని ఎడమపక్క కుర్చీ ఖాళీగా ఉంది. అది సోమ్లా కుర్చీ. సోమ్లా తండా మనిషి, జామాయిల్ కర్ర ట్రాక్టర్లకు ఎత్తే కూలి. గుమ్మటంలాంటి ఛాతీ, చేటంత చెవులు. నీ చెవులకు సూదులు చాలవు, మేకులు కొట్టాలి అని జెబా మేడమే నవ్వేది. మాట్లాడొద్దన్నా మాట్లాడేవాడు. మనిద్దరం ముళ్ళపందులమన్నా, వేటగాళ్ళకు దొరకొద్దు అని దూలయ్య చెవిలో గొణిగి, తనే కిసుక్కుమని, సూది కదిలి అబ్బా అనేవాడు. దూలయ్య పని ఏమిటో తెలిసి కూడా అతని పక్క కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి సోమ్లా. మిగతావాళ్ళు ఒక కుర్చీ వదిలి కూర్చునేవారు. దసరా నుంచి ఇద్దరూ ఒక్క పూట మానలేదు.

సోమ్లా రాలేదేమని జెబా అడిగింది. లోడింగు ఉందేమోనన్నాడు దూలయ్య. సూదులు గుచ్చుకుని కళ్ళు మూసుకున్నాడు గాని మనసు నిలవలేదు. కుడికాలు దానంతటదే ఊగుతోంది. కాలు మీద చెయ్యి వేసి ఆపాడు. చెయ్యి ఊగసాగింది. ఇంతలో జేబులో ఫోను మోగింది. దవాఖానా నుంచి, కేసు వచ్చింది, తొందరగా రమ్మని.

జెబా వచ్చి సూదులు ఒక్కొక్కటే తీసింది. గింజ అంటిస్తూ, ఎప్పుడూ అడగని మాట అడిగింది.

"కాకా, ఇయ్యాల ఆ పని ఇంకెవరన్న చెయ్యరా?"

"ఎవరు చేస్తరమ్మా. అందరికి చెయ్యి ఉంటది గని ఆ గడప తొక్కరు."

దారిలో బ్రాందీ షాపు ముందు నుంచే నడవాలి. దూలయ్య రోడ్డు దాటి అవతల పక్క నడిచాడు. అవతల పక్క నుంచి కూడా షాపు బాగానే కనిపించింది. గింజను ఒత్తుకుంటూ నడిచాడు. తండా నుంచి వచ్చిన కేసు, జామాయిల్ లోడింగు దగ్గర దుంగ దొర్లిందట అని ఫోనులో చెప్పారు. తండాలో సగం మంది జామాయిల్ కూలీలే అని తనకు తను చెప్పుకున్నాడు. పేరు అడగలేదు. అడగడం అలవాటు లేదు, ఆ పూట అడిగే ధైర్యమూ లేదు. నడక మాత్రం తెలియకుండానే పరుగయింది.

గది ముందు కానుగ చెట్టు కింద ట్రాక్టరు ఆగి ఉంది. తండా ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని వాళ్ళ భాషలో ఏడుస్తున్నారు. ఆ ఏడుపులో ఒక్కో పేరు, ఒక్కో జ్ఞాపకం పాటలా సాగుతుంది. దూలయ్యకు ఆ భాష రాదు, ఆ రోజు రానందుకు సంతోషించాడు. వాళ్ళ మధ్య ఒకామె మాత్రం ఏడవకుండా, ముసుగు కనుబొమల దాకా లాక్కుని నేల చూస్తూ కూర్చుంది. కానిస్టేబులు బండి సీటు మీద కాగితాలు పెట్టుకుని రాస్తున్నాడు. పొద్దున్నే తాగి పనిలోకి దిగాడని మేస్త్రి చెబుతున్నాడట. మేస్త్రీలకంతే, ఎవడు పోయినా తాగి పోయాడంటారు.

ఎర్ర తలపాగా చుట్టుకున్న నడివయసు మనిషి దూలయ్యను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. పేరు రామ్‌సింగ్, పోయినవాడి బావమరిది. తువ్వాలు మడతలోంచి సీసా తీసి, అలవాటైన మాట అన్నాడు.

"మా బావన్నా. జర చెయ్యి మెత్తగ ఉంచు."

దూలయ్య సీసా వైపు చూడలేదు. వద్దన్నాడు. రామ్‌సింగ్‌కు అర్థం కాలేదు. వద్దనే మనిషిని ఆ గది ముందు ఎవరూ చూసి ఉండరు. తక్కువైందనుకున్నాడు. సరే అన్నట్టు తలూపి బండి వేసుకుని వెళ్ళాడు, పది నిమిషాల్లో పెద్ద సీసా, వేయించిన కోడి పొట్లం తీసుకుని వచ్చాడు. దూలయ్య మళ్ళీ వద్దన్నాడు. ఈసారి రామ్‌సింగ్ ముఖం పాలిపోయింది. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏమన్నా తప్పయిందా అన్నాడు. మా తండా వాళ్ళు ఎవరన్నా నిన్ను ఏమన్నా అన్నారా, ఆ కోపం మా బావ మీద చూపించకు అన్నాడు. చివరికి అంత వయసు మనిషి దూలయ్య కాళ్ళ మీద పడబోయాడు.

దూలయ్యకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తాగనంటే ఇంత రాద్ధాంతమా. తాగితేనే తను నమ్మదగ్గ మనిషన్నమాట. ఇన్నేళ్ళుగా ఊరందరూ కలిసి అతని చేత తాగించారు గాని ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ తమవాడికి నొప్పి కాకూడదనే పోశారు. ఆ సంగతి అతనికి ఆ నిమిషాన తెలిసి వచ్చింది, కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఒంటరివాడైపోయాడు.

"తాగకున్నా మెత్తగనే చేస్తనయ్యా. నా మాట నమ్ము," అన్నాడు.

రామ్‌సింగ్ నమ్మలేదు. సీసాను మెట్టు వారన, దూలయ్యకు కనిపించేచోట పెట్టి పక్కకు వెళ్ళాడు. మనసు మారితే తీసుకుంటాడని ఆశ.

డాక్టరు వెంకటకృష్ణ ఇంకా వార్డులోంచి రాలేదు. దూలయ్య లోపలికి వెళ్ళి రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. దుప్పటి తీయాలి. ఎప్పుడూ అది కాళ్ళ వైపు నుంచి తీస్తాడు, ముఖం చివర. ఆ రోజు చెయ్యి తిన్నగా తల దగ్గరికే పోయింది. దుప్పటి అంచు కాస్త ఎత్తాడు. ముందు చెవి కనిపించింది. చేటంత చెవి, మడతలో మట్టి పట్టిన చిన్న పట్టీ.

దూలయ్య దుప్పటి వదిలేశాడు. గోడ దాకా వెనక్కి నడిచాడు. గోడ తగిలాక కూడా కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి. బయట మెట్టు వారన సీసా ఉంది. మూడు అడుగులు వేస్తే తలుపు. ఒక్క గ్లాసు వేస్తే ఇది సోమ్లా కాకుండా పోతుంది, ఉత్త పని అయిపోతుంది. అంత సులువు. ఆ సులువే అతన్ని భయపెట్టింది. సోమ్లా కూడా అందరిలాగే గుర్తులేని ముఖమైపోవడం అతనికి ఇష్టంలేకపోయింది.

బక్కెట్టులో నీళ్ళు పట్టి, తెల్లబట్ట తడిపి, సోమ్లా ముఖం తుడిచాడు. ఎవరి ముఖమూ అలా తుడిచి ఎరగడు. నుదుటి మీద జామాయిల్ బెరడు ముక్కలు అంటుకుని ఉన్నాయి. అవి ఏరాడు. కనురెప్పలు సరిచేశాడు.

డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, నెమ్మదైనవాడు. దూలయ్య ముఖం చూసి, తెలిసినవాడా అని అడిగాడు. అవునన్నాడు దూలయ్య. పక్క మండలం నుంచి ఇంకో మనిషిని పిలిపించనా, రేపటికి వస్తాడు అన్నాడు డాక్టరు. రేపటి దాకా సోమ్లాను ఈ బల్ల మీద ఒంటరిగా వదలడమా. దూలయ్య తల అడ్డంగా ఊపి కత్తి తీసుకున్నాడు.

ఛాతీ అంతా నుగ్గయి ఉంది. అంత దుంగ ఒంటి మీద పడ్డాక ఎవరూ బతకరని డాక్టరు అన్నాడు. దూలయ్యకు కావలసింది అది కాదు. అతను ఇంకోదాని కోసం భయపడుతున్నాడు. పొట్ట దగ్గరికి వచ్చేసరికి అది రానే వచ్చింది. తాగి పనిచేసిన రోజుల్లో ఆ ముక్కుకు ఏ వాసనా అందేది కాదు. ఇప్పుడు తేటగా అందింది. ఇప్పసారా. ఎక్కువ కాదు, కొంచెమే. కాని ఉంది.

"తాగాడా?" అన్నాడు డాక్టరు.

"కొంచెం, సార్."

దసరా నుంచి పక్కపక్కన కూర్చున్నవాడు. ఇంత పెద్ద మనిషే నిలబడలేకపోతే తనెంత. సూదులు, గింజలు, అరగంటలు, అన్నీ ఉత్తవేనా. కోపం వచ్చింది, సోమ్లా మీదే వచ్చింది. ఆ వాసన ముక్కులోంచి నోట్లోకి, నోట్లోంచి నాలుక మీదికి దిగింది. నోరు ఊరింది. తన స్నేహితుడి బల్ల పక్కన నిలబడి నోరు ఊరినందుకు దూలయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. గింజ ఒత్తుకుందామంటే రెండు చేతులకూ తొడుగులున్నాయి, నెత్తురుంది. మెడ వంచి చెవిని భుజానికేసి రుద్దాడు. మంట పుట్టేదాకా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా రుద్దాడు. డాక్టరు చూసి కాగితం మీదికి వంగాడు.

అలా మెడ వంచి ఉన్నప్పుడే సోమ్లా చెవి మళ్ళీ కంటపడింది. ఈసారి దగ్గరగా చూశాడు. పట్టీ ఊడిపోలేదు. దాని చుట్టూ చర్మం కమిలి నల్లబడింది. గోరు దిగిన గీతలు, ఒకదాని మీద ఒకటి, నెలవంకల్లా ఉన్నాయి. రెండో చెవి తిప్పి చూశాడు. అక్కడా అంతే. అది ఒక్కసారి ఒత్తితే అయ్యే పని కాదు. ఎంతోసేపు, ఎంతో గట్టిగా, తాగకముందూ తాగాక కూడా ఒత్తి ఉంటాడు. దూలయ్యకు కోపం పోయింది. దాని స్థానంలో వచ్చినది అంతకన్నా బరువుగా ఉంది.

కుట్టేటప్పుడు ఎప్పుడూ గోనెసంచి మూతి కుట్టినట్టు పెద్ద పెద్ద కుట్లు వేసి ముగించేవాడు. ఆ రోజు చిన్న కుట్లు వేశాడు. దారం లాగేటప్పుడు చర్మం ముడతపడకుండా వేలితో సాపు చేస్తూ, గడ్డం కింది దాకా ఒకే తీరుగా వేశాడు. డాక్టరు సంతకాలు చేసి ఎప్పుడు వెళ్ళాడో చూసుకోలేదు. అయ్యేసరికి పొద్దు వాలింది.

తలుపు తీయగానే గుంపు లేచింది. ఏడవకుండా కూర్చున్నామె అందరికన్నా ముందు మెట్ల దగ్గరికి వచ్చింది. సోమ్లా భార్య మంగ్లి. రామ్‌సింగ్ ఆమె వెనకే వచ్చి, సీసా మూత అలాగే ఉండటం చూసి దిగులుగా నిలబడ్డాడు. మంగ్లి సీసా వైపు చూడలేదు.

"అన్నా, లోపల చూసింది నువ్వే. తాగిండా?"

దూలయ్య తలుపు చెక్క పట్టుకున్నాడు. లేదనడం ఎంతసేపు. లేదంటే ఆమె ఇవాళ్టికి తల ఎత్తుకుంటుంది. కాని కోసినవాడి మాటకు ఊళ్ళో ఒక విలువ ఉంది, దాన్ని అతను ఎప్పుడూ వాడుకోలేదు. పైగా సోమ్లా చెవులను తను చూశాడు. లేదంటే ఆ చెవులు అబద్ధమైపోతాయి.

"తాగిండమ్మా. కొంచెం. గని ఊకెనే తాగలే. చెవిల గింజ ఒత్తిండు, చానా ఒత్తిండు. రెండు చెవులు పుండ్లయినయ్. గట్ల ఒత్తినోన్ని నేను చూడలే."

రామ్‌సింగ్ తలపాగా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గుంపంతా వింటోంది. రామ్‌సింగే నోరు విప్పాడు. నిన్న తన ఇంట్లో కొడుకు పెళ్ళిమాట ఖాయమైంది. తండాలో మాట ఖాయమైతే పెద్దలందరూ ఒక గిన్నెలోంచి తలా ఇంత తాగాలి. తాగనివాడు ఆ మాటకు ఒప్పుకోనట్టు లెక్క, అందులోనూ మేనత్త మొగుడు. సోమ్లా గిన్నెను పెదాలకు తాకించి ఇచ్చేశాడట. పిల్ల తరఫువాళ్ళు ముఖాలు చూసుకున్నారట. మళ్ళీ గిన్నె అతని చేతిలో పెట్టారు. సోమ్లా లేచి బయటికి వెళ్ళి, చీకట్లో చాలాసేపు చెవులు పట్టుకుని తిరిగి, వచ్చి తాగాడు. పొద్దున ఒంట్లో బాగాలేదంటూనే పనికి పోతూ, ఇంకో గుక్క వేసి పోయాడు.

"నేనే పోసిన," అన్నాడు రామ్‌సింగ్. "చెయ్యి నాదే."

అతని చేత్తో పోసిన గిన్నె, మెట్టు వారన పెట్టిన సీసా రెండూ ఒకే మంచితనంలోంచి వచ్చాయని దూలయ్యకు తెలుసు. రామ్‌సింగ్ వంగి సీసా తీసి తువ్వాలులో చుట్టుకున్నాడు. అప్పుడు మంగ్లికి ఏడుపు వచ్చింది. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారే వచ్చింది. ఆడవాళ్ళు పట్టుకున్నారు. దూలయ్య కిందికి దిగలేక, లోపలికి పోలేక మెట్టు మీదే నిలబడ్డాడు.

ట్రాక్టరులోకి ఎక్కించాక మంగ్లి మళ్ళీ వచ్చింది. కోసినవాడిని ఉత్తచేతులతో పంపితే పోయినవాడు వెనక్కి చూస్తాడని వాళ్ళ నమ్మకం. సీసా వద్దంటివి, మరేం ఇవ్వాలి అని అడిగింది. దూలయ్య ఏమీ వద్దన్నాడు. ఆమె కదల్లేదు. అప్పుడు అతను, ఆమె అడుగుతున్నది తన కోసం కాదని గ్రహించి, చాయ్ అన్నాడు.

గేటు ముందున్న బండి దగ్గరికి ఆమే స్వయంగా వెళ్ళింది. రామ్‌సింగ్ వెంటపడబోతే ఆగమంది. రెండు పేపరు కప్పులు జాగ్రత్తగా పట్టుకుని, తొణకకుండా నడిచి వచ్చింది. ఒకటి దూలయ్య చేతికిచ్చింది.

"సూదులయినంక దూలన్నతోని చాయ్ తాగొచ్చిన అని చెప్తుండె. ఆ దూలన్నవు నువ్వేనా?"

"అవ్ నేనే. ఆయన పక్క కుర్చీ నాదే."

మంగ్లి తలూపింది. రెండో కప్పును మెట్టు మీద, అతని కాళ్ళ పక్కన పెట్టింది. ఎవరికని దూలయ్య అడగలేదు. ఆమె ట్రాక్టరెక్కింది. ఇంజను మోగింది. మొదట గేటు దాటేదాకా ఏడుపు వినిపించింది, తర్వాత ఇంజను ఒక్కటే వినిపించింది, తర్వాత అదీ లేదు.

దూలయ్య మెట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు అతను కుదురుగా కూర్చోగలిగింది అప్పుడే. కప్పును రెండు చేతులతో పట్టుకుని తాగాడు. చక్కెర ఎక్కువైంది, అల్లం ఘాటు. గొంతు దిగుతూ ఉంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. సోమ్లా ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఇక పోదు. రేపో ఎల్లుండో ఇంకొకరు వస్తారు, వాళ్ళ ముఖమూ చూడాలి, ఆ తర్వాత ఇంకొకరిది. అన్ని ముఖాలను మోయగలడో లేదో అతనికి తెలియదు. ఈ పూటకు ఒక్కటి మోశాడు. సరళ గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు ఈ పూట ఊపిరి గట్టిగా వదులుతాడు.

లేచి గదికి తాళం వేశాడు. గేటు వైపు నడిచాడు. గాలి అడవి వైపు నుంచి తిరిగి ఇప్పపువ్వు వాసన మోసుకొచ్చింది. చెవి మీద చెయ్యి పెట్టుకుని నడక సాగించాడు.

మెట్టు మీద రెండో కప్పు నిండుగా అలాగే ఉంది, చల్లారి పైన మీగడ కట్టింది.